గురువు మాటే శాసనమైన చిన్న బృందంలో మనవాళ్లుంటే: ఏం చూడాలి, ఏం చేయాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీ అక్కగారు మూడేళ్లుగా ముప్పై నలభై మంది ఉండే ఒక ఆధ్యాత్మిక బృందంలో ఉన్నారు. జీతంలో సగం అక్కడికే పోతోంది. ఇంటికి ఫోన్లు తగ్గిపోయాయి. ఈమధ్య ఫిట్స్ మందులు మానేశారు. ఇంట్లో తన వాటాను గురువుగారి పేర రాసిస్తానంటున్నారు. ఇది భక్తి అనుకోవాలా, మోసం అనుకోవాలా, మేం చేయగలిగింది ఏమైనా ఉందా అని అడిగారు.

ముందు మందుల సంగతి చూడండి. మిగతావన్నీ నెల ఆగినా ఫరవాలేదు, ఇది ఆగదు. ఫిట్స్ మందులు ఒక్కసారిగా ఆపేస్తే మూర్ఛ ఆగకుండా వెంటవెంటనే వచ్చే ప్రమాదం ఉంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. టైప్ 1 మధుమేహం ఉన్నవాళ్లు ఇన్సులిన్ మానేస్తే రోజుల్లోనే పరిస్థితి విషమిస్తుంది. మానసిక వ్యాధుల మందులూ డాక్టరు చెప్పకుండా ఆపేవి కావు. అక్కగారితో ఈ విషయం మాట్లాడేటప్పుడు గురువుగారి పేరు ఎత్తకండి. "నీ నమ్మకం గురించి నేనేమీ అనను. మందు మానాలంటే ఎలా మానాలో డాక్టరునే అడుగుదాం, నేను తోడు వస్తాను" అనండి. ప్రార్థన, మందు రెండూ కలిసి నడవగలవు అన్న దారి ఆమెకు కనపడాలి. రెండింట్లో ఏదో ఒకటే ఎంచుకోమని మీరు కూడా అంటే, ఆ గురువు పెట్టిన పరీక్షే మీరూ పెట్టినట్టవుతుంది. ఫిట్ వచ్చి అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోది వచ్చినా ఎవరి అనుమతీ అక్కర్లేదు, అంబులెన్సును పిలవండి. ఈ ముక్క ఆమెతో కలిసి ఉంటున్నవాళ్లకు కూడా చేరాలి.

రెండోది ఆస్తి. సంతకం పెట్టకముందు ఆపడం సులువు, పెట్టాక రద్దు చేయించడం ఏళ్ల పని. "ఇవ్వొద్దు" అనకండి. "ఇవ్వాలనుకుంటే ఇద్దువుగాని, ఆ బృందంతో సంబంధం లేని లాయరుకు ఒకసారి కాగితం చూపించు, ఆరు నెలలు ఆగి ఇవ్వు" అనండి. నిజంగా మేలు కోరే గురువు ఆరు నెలలు ఆగుతాడు. బయటి లాయరును కలవడానికే ఒప్పుకోకపోతే, ఈ నెలలోనే అయిపోవాలని పట్టుబడితే, మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది.

ఇక భక్తా, మోసమా అన్నది. ఈ ప్రశ్నతో మొదలుపెట్టిన కుటుంబాలు ఎక్కువగా సిద్ధాంత చర్చలో ఇరుక్కుంటాయి. ఆయన చెప్పేది శాస్త్రంలో ఉందా, ఆయనకు శక్తులున్నాయా, ఇది అసలు మతమేనా అని. దాని వల్ల ఏమీ తేలదు. విచిత్రమైన నమ్మకాలతో ఎవరికీ హాని చేయని బృందాలు ఎన్నో ఉన్నాయి. అందరికీ తెలిసిన మామూలు బోధలే చెబుతూ మనుషులను పీల్చి పిప్పి చేసే బృందాలూ ఉన్నాయి. అంచేత ఏం నమ్ముతున్నారన్నది పక్కన పెట్టి, అక్కడ అధికారం ఎవరి చేతిలో ఉంది, దానికి ఎవరైనా అడ్డు చెప్పగలరా అన్నది చూడండి. గురువు అన్నా, పాస్టరు అన్నా, బాబా అన్నా, అమ్మ అన్నా ఇది ఒకటే.

చిన్న బృందంలో ప్రమాదం ఆ చిన్నతనంలోనే ఉంది. పెద్ద మత సంస్థల్లో తప్పులు జరగవని కాదు, చాలా జరిగాయి. కానీ అక్కడ పైన ఇంకొకరుంటారు, పద్దులు రాసేవాడు వేరే ఉంటాడు, పాత రికార్డులుంటాయి, పక్క ఊరి శాఖలో తెలిసినవాళ్లుంటారు. ముప్పై మంది బృందంలో బోధించేది, డబ్బు దాచేది, కష్టాలు వినేది, పెళ్లిళ్లు కుదిర్చేది, తగువులు తీర్చేది అన్నీ ఒకే మనిషి. ఆయన మీద ఫిర్యాదు ఉంటే ఆయనకే చెప్పుకోవాలి. అందరూ మొదటి రోజు నుంచే మోసగాళ్లు కారు. కొందరు మంచి ఉద్దేశంతోనే మొదలుపెడతారు. కాదనేవాడు లేకుండా పదేళ్లు గడిచాక తన కోరికకూ దేవుడి ఆజ్ఞకూ తేడా ఆయనకే తెలియకుండా పోతుంది. అందుకే ఆయన మంచివాడా చెడ్డవాడా అన్న వాదన కన్నా, ఆయన తప్పు చేస్తే ఆపేది ఎవరు అన్న ప్రశ్న ఎక్కువ పనికొస్తుంది.

డబ్బు దగ్గర మొదలుపెట్టండి, లెక్కలకు మొహమాటం ఉండదు. విరాళం వెళ్లే ఖాతా ఎవరి పేరున ఉంది? సంస్థ పేరునా, ఆయన సొంత పేరునా, ఆయన భార్య పేరునా? డబ్బు తీయడానికి రెండు సంతకాలు కావాలంటారు, ఆ రెండో సంతకం ఎవరిది? భార్యాభర్తలవి, తండ్రీకొడుకులవి రెండు సంతకాలు కాదు, ఒకటే. లెక్కల పుస్తకం ఒక పేజీ చూడగలిగితే చాలు. సరిగా రాసిన పుస్తకంలో తేదీ, రసీదు నంబరు, ఇచ్చినవారు, మొత్తం, దేనికోసం అన్నవి ఉంటాయి. ఖర్చు వైపు ప్రతి పద్దుకూ బిల్లు ఉంటుంది. తేడా ఉన్నచోట వచ్చిన డబ్బు వివరంగా ఉండి, పోయిన డబ్బు ఒక్క ముక్కలో ఉంటుంది: "సేవా ఖర్చులు". ఆ ఒక్క ముక్కలో ఆయన బండి, ఆయన ఫోను, ఆయన పిల్లల ఫీజులు అన్నీ పడతాయి. కొత్త స్థలం కొన్నారంటే రిజిస్ట్రేషన్ ఎవరి పేర జరిగిందో చూడండి. చాలా దేశాల్లో భూమి రికార్డులు ఎవరైనా చూడొచ్చు. దానం పేరుతో కాకుండా అప్పు పేరుతో తీసుకోవడం ఇంకో పద్ధతి. సభ్యుల దగ్గర కాగితం లేకుండా చేబదులు తీసుకుంటారు, అడిగినవాళ్లకు "దేవుడికి అప్పిచ్చి వడ్డీ అడుగుతావా" అంటారు. సభ్యుల చేత బ్యాంకులో లోను పెట్టించి ఇప్పించుకోవడం మరీ ప్రమాదం, మనిషి బయటికొచ్చినా అప్పు బయటికి రాదు. మీ అక్కగారి పేర అలాంటి లోను ఉందేమో ఆమె క్రెడిట్ రిపోర్టులో తెలుస్తుంది. అది ఆమే తీయాలి, మీరు చాటుగా తీయకూడదు.

డబ్బు కన్నా లోతైన పట్టు రహస్యాలది. ఇది ఎలా పనిచేస్తుందో దగ్గర నుంచి చూడాలి. కొత్తగా వచ్చిన ఒకామెను వాకిట్లో ఒక వలంటీరు పలకరిస్తుంది. "ఇంట్లో అంతా బాగున్నారా" అని అడుగుతుంది. ఈమె గర్భం పోయిన సంగతి చెప్పుకుని ఏడుస్తుంది. వలంటీరు మంచి మనసుతోనే లోపలికి వెళ్లి, "ఆ కొత్తామె కోసం ప్రార్థించండి, ఇలా జరిగిందట" అంటుంది. సాయంత్రం సభలో ఆయన కళ్లు మూసుకుని, "ఇక్కడ ఒక తల్లి కడుపుకోతతో కూర్చుని ఉంది" అంటాడు. ఆమె ఒళ్లు జలదరిస్తుంది. ఆ క్షణం నుంచి ఆయనకు అన్నీ తెలుసని ఆమె నమ్ముతుంది. ఆ సాయంత్రం అబద్ధం ఆడాలని ఎవరూ అనుకుని ఉండకపోవచ్చు, అయినా జరగాల్సింది జరిగిపోయింది. ఇక తరవాత నుంచి దాచడం వృథా అని ఆమే అన్నీ చెప్పేస్తుంది. పెళ్లికి ముందు సంగతులు, భర్తతో గొడవలు, ఆఫీసులో చేసిన తప్పు. కొన్నిచోట్ల వాటిని కాగితం మీద రాయించి తీసుకుంటారు. కొన్నిచోట్ల అందరి ముందూ చెప్పిస్తారు. ఏడాది తిరిగాక ఆమె వెళ్లిపోవాలనుకుంటే, ఎవరూ బెదిరించక్కర్లేదు. తన బతుకంతా ఎవరి చేతుల్లో ఉందో ఆమెకు తెలుసు.

ఇది ఊహ కాదు. అమెరికన్ మానసిక వైద్యుడు రాబర్ట్ జే లిఫ్టన్ 1961లో, చైనాలో భావ సంస్కరణకు, అంటే ఒత్తిడి పెట్టి ఆలోచనలు మార్చే పద్ధతికి, గురైనవాళ్లను పరిశీలించి మనుషుల ఆలోచనను బిగించే ఎనిమిది లక్షణాలు చెప్పాడు. వాటిలో తప్పులు ఒప్పించడం ఒకటి, మాటల అర్థాలు మార్చేయడం ఇంకొకటి, బయటి సమాచారం రాకుండా చుట్టూ గోడ కట్టడం మరొకటి. పీపుల్స్ టెంపుల్ అనే అమెరికన్ మత బృందం నాయకుడు జిమ్ జోన్స్ సభ్యుల చేత ఖాళీ కాగితాల మీద, చేయని నేరాలు చేసినట్టు రాసిన కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. ఆస్తులు రాయించుకున్నాడు. దక్షిణ అమెరికాలోని గయానా దేశపు అడవిలోకి తీసుకెళ్లాక పాస్‌పోర్టులు తీసుకున్నాడు, సామూహిక మరణానికి ముందే రాత్రిళ్లు రిహార్సల్సు చేయించాడు. 1978 నవంబరు 18న తొమ్మిది వందల మందికి పైగా చనిపోయారు, వాళ్లలో మూడో వంతు దాకా పిల్లలు. మతం పేరుతో కాకుండా వ్యక్తిత్వ వికాసం పేరుతో నడిచిన అమెరికన్ సంస్థ నెక్సియమ్‌లోనూ ఇదే జరిగింది. అక్కడి రహస్య బృందంలో చేరే ఆడవాళ్లు తమ నగ్న చిత్రాలు, ఇంటివాళ్ల మీద నిందలు రాసిన ఉత్తరాలు "హామీ"గా ఇవ్వాల్సి వచ్చింది. దాని నాయకుడు కీత్ రనీరీకి 2020 అక్టోబరులో 120 ఏళ్ల జైలుశిక్ష పడింది. మీ అక్కగారి బృందం అంత దూరం వెళ్తుందని నేననడం లేదు. ఎక్కువ బృందాలు వెళ్లవు. పద్ధతి మాత్రం అదే, మోతాదు తక్కువ.

తరవాత చూడాల్సింది, ఎవరైనా ప్రశ్న అడిగితే ఏమవుతుందని. తిట్టడం, కొట్టడం చాలాచోట్ల ఉండదు. ఒక సభ్యుడు "పోయిన ఏడాది లెక్కలు చూడొచ్చా" అని అడిగాడనుకోండి. ఆయన నవ్వి, "మంచి ప్రశ్న, తప్పకుండా" అంటాడు. రెండు రోజుల తరవాత సభలో అహంకారం మీద ప్రసంగం నడుస్తుంది, పేరు రాదు, అందరికీ తెలుసు. ఆ రాత్రి ఒక దగ్గరి స్నేహితుడు ఫోన్ చేసి, "నీకేమైంది, ఈమధ్య నువ్వు నువ్వులా లేవు" అంటాడు. వారం తిరిగేసరికి అతను చేసే సేవ ఇంకొకరికి వెళ్తుంది. లెక్కలు మాత్రం రావు. అడిగినది తప్పని ఎవరూ అనరు, అడిగినవాడిలో ఏదో తప్పుందని అందరూ అనుకుంటారు. ఇక్కడ మాటలు ఎలా మారతాయో చెవి పెట్టి వినండి. అనుమానం వస్తే అది "శోధన". అలసిపోతే "సమర్పణ తగ్గింది". అమ్మను చూడాలనిపిస్తే "బంధం". బాధ కలిగితే "గురువు కర్మ కడుగుతున్నాడు". ప్రతి మామూలు బాధకూ ఒక పేరు పెట్టి, ఆ పేరులోనే తప్పును మనిషి మీదికి నెట్టేస్తారు. కొన్నాళ్లకు తన మనసులో ఏముందో తనకు చెప్పుకోవడానికి కూడా ఆ మనిషికి వేరే మాటలు మిగలవు.

నాలుగోదీ, నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మదగినదీ, వెళ్లిపోయినవాళ్ల సంగతి. ఎక్కడైనా మనుషులు వస్తారు, పోతారు. "ఇంతకు ముందు ఉండి మానేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా, వాళ్లు ఇప్పుడెలా ఉన్నారు" అని అడగండి. ఆరోగ్యకరమైన చోట "వాళ్లకు కుదరలేదు, అప్పుడప్పుడు కలుస్తుంటాం" అంటారు. మరోచోట వెళ్లిన ప్రతివాడూ దొంగ, తిరుగుబోతు, పిచ్చివాడు, లేదా శాపం తగిలి పాడైపోయినవాడే అయి ఉంటాడు. మంచిగా వెళ్లిపోయినవాడు ఒక్కడూ లేని బృందం నుంచి మంచిగా బయటికి రావడం ఎవరికీ సాధ్యం కాదు.

లైంగిక దోపిడీ గురించి విడిగా చెప్పాలి. ఇది దాదాపు ఎప్పుడూ మెట్టుమెట్టుగానే వస్తుంది. మొదట ప్రత్యేకమైన పిలుపు, "నీలో ఏదో ఉంది" అని. తరవాత ఒంటరిగా మాట్లాడటం, తలుపు మూసి ఉండటం. తరవాత "మన మధ్య జరిగేది మిగతావాళ్లు అర్థం చేసుకోలేరు" అన్న మాట. ఆశీర్వాదం పేరుతో తాకడం, వద్దంటే "నీ మనసులో మలినం ఉంది కాబట్టే అలా అనిపించింది" అనడం. ఈ చివరి వాక్యం వినపడిందంటే ఇక అనుమానం అక్కర్లేదు. తన ఆత్మ గతి ఎవరి చేతిలో ఉందని నమ్ముతోందో ఆ మనిషికి "సరే" అన్నంత మాత్రాన అది ఇష్టపూర్వకమైన అంగీకారం కాదు. చట్టాలు కూడా దీన్ని నెమ్మదిగా గుర్తిస్తున్నాయి. ఇంగ్లండ్, వేల్స్‌లో 16, 17 ఏళ్ల పిల్లలతో లైంగిక సంబంధం పెట్టుకోకూడదని టీచర్లకు ఉన్న నిషేధాన్ని 2022లో వాళ్లకు మతబోధ, శిక్షణ ఇచ్చేవాళ్లకు కూడా వర్తింపజేశారు. పిల్లల విషయంలో మాత్రం బృందంలో మాట్లాడి తేల్చుకోవడం అనేది ఉండకూడదు. పిల్లవాడు చెప్పినది వినండి, గుచ్చిగుచ్చి అడగకండి, అతని మాటల్లోనే తేదీతో రాసుకోండి, అదే రోజు పోలీసులకో పిల్లల సంరక్షణ అధికారులకో చెప్పండి. భారతదేశంలో పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే. "ముందు పెద్దాయన్ను అడుగుదాం" అనుకుంటే సాక్ష్యం పోతుంది, పిల్లవాడి మీద ఒత్తిడి మొదలవుతుంది.

చదువుకున్న మనిషి, ఇంత తెలివైంది, ఎందుకు బయటికి రాదని మీకు కోపం రావచ్చు. తెలివికీ దీనికీ సంబంధం తక్కువ. ఆమె స్నేహితులంతా అక్కడే ఉన్నారు. మూడేళ్ల జీతం అక్కడుంది. "అది తప్పు" అని ఒప్పుకుంటే మూడేళ్ల బతుకును తప్పు అని ఒప్పుకోవాలి. పైగా అక్కడ ఆమెకు నిజంగా మేలు కూడా జరిగి ఉంటుంది: ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరో పక్కన కూర్చున్నారు. దాన్ని కాదనకండి. సోలమన్ ఆష్ 1950లలో చేసిన ప్రయోగాలు ఇక్కడ పనికొస్తాయి. గీతల పొడవు పోల్చమని అడిగి, గదిలో అందరూ కావాలని తప్పు చెబితే, కళ్లెదుట ఉన్నది వదిలేసి తప్పుకు తలూపినవాళ్లు చాలామంది. కానీ గదిలో ఒక్కడు నిజం చెప్పినా ఆ తప్పు జవాబులు నాలుగో వంతుకు పడిపోయాయి. మీ అక్కగారికి ఆ ఒక్కరు మీరు కావాలి. దానికి మీరు ఆ గదిలోంచి గెంటేయబడకుండా ఉండాలి.

కాబట్టి గురువును తిట్టకండి. తిట్టిన రోజు "మీ ఇంటివాళ్లు నిన్ను ఆపుతారని ముందే చెప్పానుగా" అన్న ఆయన మాట నిజమవుతుంది. వార్తల లింకులు వరసగా పంపకండి. ఫోను లాక్కోవడం, గదిలో పెట్టి తాళం వేయడం, బలవంతంగా తీసుకొచ్చేయడం అసలు చేయకండి. 1970లలో అమెరికాలో సభ్యులను ఎత్తుకెళ్లి మనసు మార్చే "డీప్రోగ్రామింగ్" జరిగింది. చేసినవాళ్ల మీద కిడ్నాప్ కేసులు పడ్డాయి, కొందరు సభ్యులు మరింత గట్టిగా బృందానికి అతుక్కుపోయారు. నష్టపోయింది కుటుంబాలే.

చేయాల్సింది చిన్నది, పదేపదే చేయాల్సింది. వారంలో ఒకే రోజు, ఒకే సమయానికి పది నిమిషాలు ఫోన్ చేయండి. ఆ పది నిమిషాల్లో బృందం ఊసు వద్దు. చిన్నప్పటి సంగతులు, ఇంట్లో పిల్లల ముచ్చట్లు, ఆమెకు ఇష్టమైన పని మాట్లాడండి. ఆ బృందంలోకి రాకముందు ఉన్న మనిషిని పలకరించడం అది. ఆమే అక్కడి విషయం ఎత్తితే తీర్పు చెప్పకుండా ఒక్క ప్రశ్న అడిగి వదిలేయండి. "ఎప్పుడైనా నువ్వు వద్దంటే ఏమంటారు?" "అక్కడ నీకు నచ్చని చిన్న విషయం ఏదైనా ఉందా?" జవాబు కోసం ఒత్తిడి చేయకండి. ఆ ప్రశ్న ఆమెతో పాటు వెళ్తుంది. డబ్బు అడిగితే చేతికి ఇవ్వకండి, అవసరం మీరే తీర్చండి: డాక్టరు బిల్లు కట్టండి, టికెట్ కొని పంపండి. "ఎప్పుడొచ్చినా, ఏ అర్ధరాత్రి వచ్చినా, ఎందుకొచ్చావని అడగం" అన్న మాట ఒక్కసారి స్పష్టంగా చెప్పండి. ఇంట్లో ఎవరో ఒకరు "చెప్తే విన్నావా" అనే మనిషి ఉంటారు, వాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకోండి. బయటికొచ్చిన మొదటి రాత్రి ఆ ఒక్క మాట విని వెనక్కి వెళ్లిపోయేవాళ్లున్నారు.

ఆమెకే అనుమానం మొదలైతే, ఒప్పించే బదులు కొలుచుకోమనండి. పద్నాలుగు రోజులు ఒక చిన్న పుస్తకంలో నాలుగు అంకెలు రాసుకోవాలి: ఎన్ని గంటలు నిద్రపోయాను, ఎన్ని గంటలు బృందం పనిలో ఉన్నాను, ఎంత ఇచ్చాను, బృందం బయటి మనిషితో ఎన్నిసార్లు మాట్లాడాను. రోజూ నాలుగైదు గంటల నిద్రతో ఎవరి విచక్షణ అయినా మొద్దుబారుతుంది. చాలామందికి మొదట కావాల్సింది వాదన కాదు, వరసగా వారం రోజులు కంటినిండా నిద్ర. ఆ పుస్తకం బృందం ఇంట్లో కాక ఆఫీసులో ఉంచుకోవాలి.

వెళ్లిపోవాలని నిశ్చయించుకున్నాక ముందుగా ప్రకటించకూడదు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. "చెప్పి వెళ్లడం మర్యాద" అనుకుని ఆఖరిసారి కలవడానికి వెళ్తారు, అక్కడ నాలుగు గంటలు కూర్చోబెట్టి ఏడిపిస్తారు, తిరిగి వచ్చేసరికి నిర్ణయం మారిపోతుంది. ముందు గుర్తింపు కార్డులు, చదువు పత్రాలు, ఆస్తి కాగితాలు, మందుల చీటీలు బయటికి చేర్చాలి. అసలు కాగితాలు వాళ్ల దగ్గరుంటే "బ్యాంకు పని" లాంటి మామూలు కారణంతో తీసుకోవాలి. కొత్త బ్యాంకు ఖాతా తెరిచి జీతం అందులోకి మార్చుకోవాలి. ఈమెయిలు పాస్‌వర్డు ముందు, తరవాత బ్యాంకుది, తరవాత మిగతావి మార్చాలి, ఎందుకంటే ఈమెయిలు చేతిలో ఉన్నవాడు మిగతా అన్నీ తెరవగలడు. బృందం వాళ్లకు తెలిసిన పాత ఫోన్లో ఆమె ఎక్కడుందో చూపించే షేరింగు ఆపాలి. అక్కడ హింస జరిగే భయం ఉంటే మాత్రం దాన్ని అకస్మాత్తుగా ఆపడమే వాళ్లకు సంకేతం అవుతుంది, కాబట్టి బయటపడ్డాకే ఆపాలి. బయటపడ్డ తరవాత రెండు వాక్యాల సందేశం చాలు: "నేను ఇకపై బృందంలో కొనసాగడం లేదు. నన్ను సంప్రదించవద్దని కోరుతున్నాను." కారణాలు రాస్తే ప్రతి కారణానికీ ఒక జవాబు వస్తుంది.

ఆ తరవాత ఏం వస్తుందో ముందే తెలిస్తే భయం సగం తగ్గుతుంది. మొదట ప్రేమ: పూలు, ఏడుపులు, "నువ్వు లేక పిల్లలు నీ పేరే తలుస్తున్నారు". అది పని చేయకపోతే భయం: శాపం, ప్రమాదం, ఎవరికో వెళ్లిపోయాక జబ్బు చేసిన కథ. ఆ తరవాత అపవాదు: ఆమె చెప్పుకున్న రహస్యాలు బంధువుల దాకా చేరడం. ఈ మూడో దశ కోసం ఆమె తనంతట తానే ఒకరిద్దరు దగ్గరివాళ్లకు "నా గురించి ఇలాంటివి వినపడొచ్చు" అని ముందే చెప్పి ఉంచితే ఆ ఆయుధం మొద్దుబారుతుంది. ప్రతి సందేశం ఉంచుకోవాలి. స్క్రీన్‌షాట్లో తేదీ, నంబరు కనపడాలి. అసలు ఫోను అమ్మకూడదు, రీసెట్ చేయకూడదు. వాయిస్ మెసేజీలు ఎడిట్ చేయకుండా రెండు చోట్ల దాచాలి. సోషల్ మీడియాలో ముందుగా రాయడం నేను వద్దంటాను: అవతలివాళ్లు జాగ్రత్తపడతారు, పరువునష్టం కేసు ఎదురొస్తుంది, ఇంకా లోపల ఉన్న బాధితులు నోరు మూసుకుంటారు.

డబ్బు, ఆస్తి వెనక్కి వస్తాయా అంటే, కొన్నిసార్లు. చట్టంలో దీనికి పాత దారే ఉంది. 1887లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు ముందుకు ఆల్‌కార్డ్ వర్సెస్ స్కిన్నర్ అనే కేసు వచ్చింది. ఒకామె సన్యాసినుల మఠంలో చేరి తన ఆస్తి పెద్దామెకు ఇచ్చేసింది. పెద్దామె అనుమతి లేకుండా బయటివాళ్ల సలహా తీసుకోకూడదని ఆ మఠం నియమం. పెద్దామె స్వార్థంతో ఏమీ చేయలేదని కోర్టు ఒప్పుకుంది. అయినా అలాంటి చోట ఇచ్చినది స్వేచ్ఛగా ఇచ్చినట్టు కాదంది. ఇంత చెప్పీ ఆమెకు డబ్బు రాలేదు, ఎందుకంటే 1879లో బయటికొచ్చి 1885 దాకా కేసు వేయలేదు. మీ అక్కగారి విషయంలో ఈ కేసులోంచి తీసుకోవాల్సినవి రెండు: స్వతంత్ర సలహా లేకపోవడం బలమైన ఆధారం, ఆలస్యం ఆ బలాన్ని తినేస్తుంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 16వ సెక్షనులోనూ అనుచిత ప్రభావం గురించి ఇదే సూత్రం ఉంది. ఆధిపత్యం ఉన్నవాడు ఆ ఒప్పందం అన్యాయంగా కనపడినప్పుడు, ప్రభావం వాడలేదని తానే రుజువు చేసుకోవాలి. రాసిచ్చిన పత్రం రద్దు చేయించడానికి అక్కడ సాధారణంగా మూడేళ్ల గడువు. ఫ్రాన్సులో 2001 చట్టం మానసికంగా లొంగదీసుకుని నష్టపరచడాన్ని నేరంగానే చూస్తుంది. మీరుండే చోట ఏది వర్తిస్తుందో సివిల్ లాయరును అడగండి, బయటికొచ్చిన మొదటి నెలల్లోనే అడగండి, కేసు వేయాలో వద్దో తరవాత నిర్ణయించుకోవచ్చు.

బయటికొచ్చాక మొదటి ఆరు నెలలు ఒడుదొడుకులే. ఒక పాట వినపడితే, ఒక అగరుబత్తి వాసన తగిలితే మనిషి ఉన్నట్టుండి అక్కడికి వెళ్లిపోయినట్టు అయిపోతుంది. ఏ చొక్కా వేసుకోవాలో కూడా తేల్చుకోలేకపోవడం మామూలే, ఇన్నాళ్లూ ఆ నిర్ణయాలు ఇంకొకరు చేశారు. చిన్న చిన్న ఎంపికలు ఆమెకే వదలండి, మీరు కొత్త గురువు కాకండి. పెళ్లి, ఉద్యోగం మానడం, ఇంకో బృందంలో చేరడం లాంటి పెద్ద నిర్ణయాలు ఆరు నెలలైనా వాయిదా వేయించండి. కౌన్సెలర్ను ఎంచుకునేటప్పుడు "ఇలాంటి బృందాల నుంచి వచ్చినవాళ్లతో పనిచేశారా" అని నేరుగా అడగండి. నమ్మకాన్ని వెక్కిరించేవాళ్లూ వద్దు, తమ నమ్మకం అంటించేవాళ్లూ వద్దు. ఆమె దేవుణ్ని నమ్మడం మానాలని లేదు, అది పూర్తిగా ఆమె ఇష్టం. ఒకసారి వచ్చి మళ్లీ వెనక్కి వెళ్లినా తలుపు మూయకండి. రెండు మూడు ప్రయత్నాల తరవాతే పూర్తిగా బయటపడేవాళ్లు ఎందరో.

ఈ వారం మీరు చేయాల్సినవి మూడే. డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకుని తేదీ అక్కగారికి చెప్పండి. ఇంటి వాటా పత్రాలు ఎక్కడున్నాయో, ఉమ్మడి ఆస్తి అయితే మీ సంతకం లేకుండా ఏం చేయవచ్చో ఏం చేయలేరో లాయరును కనుక్కోండి. ఆదివారమో, ఇంకో రోజో, ఫోన్ చేసే సమయం ఒకటి పెట్టుకుని మొదటి ఫోన్ చేయండి. ఆమె ఎత్తకపోతే వచ్చే వారం అదే సమయానికి మళ్లీ చేయండి.